నెల్లూరు తీరంలో రేవులకు కొదవ లేదు, మరి రేవు పట్నం ఎందుకు లేదు?

కావలిలో డిగ్రీ చదువుతున్న ఒక విద్యార్థి ఈ ప్రశ్నలు అడిగారు: "నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు ఇంత పొడవు సముద్రతీరం ఉంది. కృష్ణపట్నం లాంటి పోర్టు ఉంది. అయినా విశాఖపట్నం లాంటి నగరం ఇక్కడ ఎందుకు రాలేదు? పాతకాలంలో గొప్ప రేవులుండేవంటారు, నిజమేనా? కొత్తగా కడుతున్న రామాయపట్నం పోర్టు పూర్తయితే మన పరిస్థితి మారుతుందా? పోర్టులో మాలాంటి వాళ్ళకు ఉద్యోగాలు దొరుకుతాయా?"

నేను మద్రాసులో కస్టమ్స్ క్లియరింగ్ పనితో జీవితం మొదలుపెట్టి, కృష్ణపట్నం పోర్టు తెరిచాక సొంత జిల్లాకు వచ్చి, అదే పనిలో రిటైరయ్యాను. ఈ తీరం గురించి చదివింది కొంత, కళ్ళారా చూసింది కొంత. రెండూ కలిపి చెబుతాను. కొంచెం ఓపికగా చదవండి.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. ఓడలు వచ్చినంత మాత్రాన నగరం రాదు. సరుకు ఆగిన చోట నగరం వస్తుంది. గోడౌన్‌లో ఆగాలి, ఫ్యాక్టరీలో రూపం మారాలి, మార్కెట్లో చేతులు మారాలి, బ్యాంకులో దాని మీద అప్పు పుట్టాలి, దానికి బీమా రాసేవాడు, తగువొస్తే తీర్చేవాడు అదే ఊళ్ళో ఉండాలి. మన తీరంలో సరుకు ఎప్పుడు ఆగిందో అప్పుడు పట్నాలు వెలిశాయి. ఆగకుండా దాటిపోయిన కాలంలో రేవులు మాత్రమే మిగిలాయి.

పాత రేవుల మాట నిజమే. 1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు పొలం దున్నుతుంటే రోమన్ చక్రవర్తుల బంగారు నాణేలున్న కుండ బయటపడింది. ట్రాజన్, హేడ్రియన్ కాలపు నాణేలు అవి. అంటే క్రీస్తు శకం రెండో శతాబ్దపు డబ్బు. చినగంజాంలో శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి శాసనం దొరికింది. శాతవాహనులు ఓడ బొమ్మతో నాణేలు వేయించారంటే సముద్ర వ్యాపారానికి వాళ్ళు ఇచ్చిన విలువ ఎంతో తెలుస్తుంది.

అసలు కథ మోటుపల్లిది. చినగంజాం మండలంలోని ఈ ఊరు 2022 దాకా ప్రకాశం జిల్లాలో ఉండేది, జిల్లాల విభజనలో బాపట్లకు వెళ్ళింది. అక్కడి వీరభద్రస్వామి గుడిలో కాకతీయ గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయశాసనం ఉంది. నా వృత్తి వల్ల కావచ్చు, తెలుగు శాసనాల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. అంతకు ముందు రాజులు తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ బలవంతంగా లాక్కునేవారట. ప్రాణానికి తెగించి సముద్రం దాటి వచ్చినవాడి సొమ్ము మేము ముట్టం, నిర్ణయించిన సుంకం ఒక్కటే తీసుకుంటాం అని గణపతిదేవుడు రాతి మీద రాయించాడు. సుంకం ముప్పైలో ఒక వంతు. మంచిగంధం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, పట్టు, మిరియాలు, వక్కలు, దేనికి ఎంతో వివరంగా ఉంది.

ఆ శాసనంలో ఒక వ్యాపారికి కావలసినవన్నీ ఉన్నాయి. ఎంత కట్టాలో ముందే తెలుసు. ఓడ మునిగినా సరుకు మీద హక్కు పోదు. అధికారి మారినా రేటు మారదు. సుంకం తక్కువా ఎక్కువా అన్నది తర్వాతి సంగతి. రేపు ఎంత అడుగుతారో తెలియని రేవుకు ఏ నావికుడూ రాడు. కస్టమ్స్ హౌస్‌లో పని చేసినవాడికి ఈ సంగతి ఎవరూ నేర్పనక్కర్లేదు. ఓడ రెండు రోజులు ఆగితే పడే డెమరేజ్, ఒక్కోసారి సుంకం కంటే ఎక్కువవుతుంది.

ఫలితం వెంటనే కనిపించింది. అదే శతాబ్దం చివర్లో ఈ తీరానికి వచ్చిన ఇటలీ యాత్రికుడు మార్కో పోలో ఈ రాజ్యాన్ని మోటుపల్లి పేరుతోనే ముత్‌ఫిలి అని పిలిచాడు. ఒక రాణి న్యాయంగా పాలిస్తోందని, ఇక్కడి వజ్రాలు, సన్నని బట్టలు లోకంలో ఇంకెక్కడా లేవని రాశాడు. ఆ రాణి రుద్రమదేవి. కాకతీయుల తర్వాత కొండవీటి రెడ్డిరాజు అనపోతారెడ్డి 1358లో అదే ఊళ్ళో మళ్ళీ శాసనం వేయించాడు. వచ్చి స్థిరపడే వర్తకులకు భూమి ఇస్తామన్నాడు, బంగారం మీద సుంకం తీసేశాడు, పిల్లలు లేకుండా చనిపోయిన వర్తకుడి ఆస్తిని రాజు తీసుకునే పద్ధతిని ఎత్తేశాడు. ఆ చివరి షరతును గమనించండి. సరుకుతో పాటు మనుషులు కూడా ఇక్కడే ఉండిపోవాలని కోరుకున్న పాలకుడి ఆలోచన అది. శ్రీనాథుడు కావ్యం అంకితమిచ్చిన అవచి తిప్పయ్య సెట్టి సింహళం నుంచి ఏనుగులను, హురుముంజి (పర్షియా తీరంలోని హోర్ముజ్) నుంచి గుర్రాలను, చైనా నుంచి పట్టును తెప్పించేవాడంటే ఆ వ్యాపారం ఎంత దూరం పాకిందో ఊహించుకోండి.

కృష్ణపట్నం కూడా కొత్త ఊరేమీ కాదు. 13వ శతాబ్దపు శాసనాల్లో దీన్ని కొల్లితురై అని, గండగోపాలపట్టణం అని అన్నారు. తెలుగు చోడులు నెల్లూరు నుంచి ఏలుతున్న రోజులవి. తిక్కన గారున్న కాలం కూడా దాదాపు అదే. మలయాళ దేశం నుంచి కూడా వచ్చిన వర్తక సంఘాలు ఇక్కడ కూర్చుని, తమ ఎగుమతి దిగుమతుల మీద ఇంతని గుడికి ఇవ్వాలని తీర్మానించుకున్నాయి. రాజు వేసిన పన్ను కాదు, వర్తకులు తమకు తాము వేసుకున్నది. అట్లాంటి సంఘాలు ఉన్న చోటును ఉత్త రేవు అనలేం, పట్నం అనాల్సిందే.

తర్వాత ఏమైందన్నదే మీ ప్రశ్నకు కీలకం. ఇక్కడ, నెల్లూరుకు దక్షిణాన తీరం మీదున్న దుగరాజపట్నం గురించి చెప్పాలి. ఇంగ్లీషు వాళ్ళు 1611లో మచిలీపట్నంలో దిగారు. అక్కడి గోల్కొండ అధికారులతో పొసగక దక్షిణానికి జరిగి, 1626 ప్రాంతంలో దుగరాజపట్నం దగ్గర స్థావరం పెట్టుకున్నారు. దానికి ఆర్మగాన్ అని పేరు. ఆరుముగం ముదలియార్ అనే స్థానిక పెద్ద సాయం చేశాడని ఆ పేరు పెట్టారని చెబుతారు. 12 ఫిరంగులతో చిన్న కోట కట్టారు. కోరమండల్ తీరంలో ఇంగ్లీషు వాళ్ళ తొలి కోట మన నేల మీదే లేచింది. పైగా ఆ చోటు ఓడలకు అనుకూలం. సముద్రంలో కొంత దూరాన నీటి కింద ఇసుక మెట్ట ఒకటి ఉండి అలల జోరును అడ్డుకుంటుంది.

అయినా వదిలేసి వెళ్ళిపోయారు. ఆర్మగాన్ స్థావరానికి అధికారిగా ఉన్న ఫ్రాన్సిస్ డే దక్షిణంగా వెతుక్కుంటూ వెళ్ళి, 1639లో దామెర్ల వెంకటప్ప నాయకుడి దగ్గర ఒక ఇసుక ఒడ్డును సంపాదించాడు. అక్కడ ఓడకు ఏ రక్షణా లేదు. ఓడ దూరాన లంగరేస్తే, మసులా పడవల్లో అలల మీద ఎగిరిపడుతూ సరుకు దించుకోవాలి. కానీ చుట్టుపక్కల నేతపనివాళ్ళు ఉన్నారు, బట్ట చవక, నాయకుడు రాయితీలిచ్చాడు. 1640లో ఆర్మగాన్ జనం అక్కడికి చేరారు. నాయకుడి తండ్రి చెన్నప్ప పేరుతో వెలిసిన చెన్నపట్నం అదే. మద్రాసు నగరం మన తీరం వదిలి వెళ్ళిన వాళ్ళు పెట్టిందే. మంచి రేవున్న చోటు ఊరుగా మిగిలింది, రేవే లేని చోటు మహానగరమైంది. మద్రాసుకు కృత్రిమ హార్బర్ కట్టడానికి పూనుకున్నది 19వ శతాబ్దం చివరి భాగంలో. అదీ 1881 తుఫానుకు దెబ్బతింటే మళ్ళీ కట్టారు. అప్పటికే అక్కడ వ్యాపారం ఉంది కాబట్టి ఎంత ఖర్చయినా కట్టుకోగలిగారు.

మోటుపల్లి ఈ లోపే తగ్గిపోయింది. రాజ్యాలు మారి, గోల్కొండ కాలానికి మచిలీపట్నం పెద్దదైంది. మన తీరంలో మేట కూడా ఎప్పుడూ ఉండే సమస్యే. నది నోటి దగ్గర, ఉప్పుటేరు నోటి దగ్గర ఇసుక మెట్టలు కడుతూనే ఉంటాయి. తుఫాన్ల సంగతి మీకు తెలిసిందే. 1927లో నెల్లూరును, 1984లో శ్రీహరికోట వైపును, 1989లో మీ కావలినే తాకిన తుఫాన్ల గురించి ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. కానీ మేట, తుఫాను ఉన్న రేవులన్నీ చావలేదు కదా. కాబట్టి వాటినే అసలు కారణంగా చెప్పడం నాకు సరిగా అనిపించదు.

నా లెక్కలో అసలు కారణం దారుల దిశ. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు దాకా కాలువ తవ్వడం మొదలైంది. దాన్ని అంచెలంచెలుగా ఉత్తరానికి పొడిగిస్తూ పులికాట్ సరస్సు మీదుగా, కృష్ణపట్నం మీదుగా, పెదగంజాం దాకా తెచ్చి కృష్ణా డెల్టా కాలువలతో కలిపారు. 1876-78 కరువులో పనికి ఆహారం కింద మద్రాసు ఊళ్ళో ముక్కను తవ్వించి, అప్పటి గవర్నర్ బకింగ్‌హామ్ పేరు పెట్టారు. మా తాతల తరానికి బకింగ్‌హామ్ కాలువే హైవే. బియ్యం, ఉప్పు, సరుగుడు కట్టెలు, ఎండు చేపలు తెరచాప పడవల్లో వెళ్ళేవి. గాలి లేకపోతే గట్టు మీద మనుషులు తాడు కట్టి లాగేవాళ్ళు. మద్రాసు వంటిళ్ళల్లో మండిన కట్టెల్లో చాలా భాగం మన ఇసుకపర్రల్లో పెరిగిందే.

కాలువ మేలు చేసింది, కాదనను. కానీ అది సముద్రానికి సమాంతరంగా నడిచింది. ఒడ్డుకు మైలు రెండు మైళ్ళ దూరంలో పండిన సరుకు పక్కనే ఉన్న సముద్రంలోకి కాకుండా దక్షిణంగా మద్రాసుకు పోయింది. 1899 నాటికి బెజవాడ–మద్రాసు రైలు మార్గం తెరుచుకుంది, అదీ అదే దిశ. గ్రాండ్ ట్రంక్ రోడ్డు అదే దిశ. దాంతో కొత్తపట్నం, ఇసకపల్లి లాంటి చిన్న రేవుల్లో ఓడ సరుకు ఎక్కించుకోవలసిన అవసరం తగ్గిపోయింది. గూడూరు గనుల అభ్రకం కూడా మద్రాసులోనే ఓడెక్కింది. ఎగుమతి కంపెనీల ఆఫీసులు, బ్యాంకులు, బీమా అన్నీ అక్కడే. 1953 అక్టోబరు దాకా మనం మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాం, రాజధాని కూడా అదే. పెన్నా కింద కయ్యల్లో పండిన పుట్ల కొద్దీ ధాన్యం మీద వచ్చిన డబ్బు మద్రాసులో ఇళ్ళుగా, హాస్పిటల్ బిల్లులుగా, కాలేజీ ఫీజులుగా, సినిమా పెట్టుబడులుగా మారింది. పెద్ద జబ్బు చేస్తే ఇప్పటికీ మనం చెన్నై బండే ఎక్కుతాం.

విశాఖతో పోలిస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. అక్కడ రాయపూర్–విజయనగరం రైలు మార్గం 1931లో పూర్తయింది, పోర్టు 1933లో తెరిచారు. ముందు లోపలి ప్రాంతాల మాంగనీసు ఒడ్డుకు చేరే దారి, తర్వాత ఓడ. ఆపైన 1941లో సింధియా షిప్‌యార్డు పనులు మొదలయ్యాయి, 1957లో కాల్టెక్స్ రిఫైనరీ వచ్చింది, నౌకాదళం వచ్చింది, తర్వాత ఉక్కు ఫ్యాక్టరీ వచ్చింది. ఒక్కోటి వేల మందికి నెల జీతం, క్వార్టర్సు, బడి ఇచ్చిన సంస్థ. పోర్టు ఒక్కటే ఆ ఊరిని పెంచలేదు.

మనకు పడమటి నుంచి సముద్రపు ఒడ్డుకు నేరుగా రైలు దారి ఎప్పుడొచ్చిందో తెలుసా? 2019లో. ఓబులవారిపల్లె–వెంకటాచలం లైను, సుమారు 112 కిలోమీటర్లు. వెలిగొండల కింద ఆరు కిలోమీటర్లకు పైగా సొరంగం తవ్వి వేశారు. 2019 సెప్టెంబరు 1న అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు గారు ప్రారంభించారు. ఓబులవారిపల్లె పక్కనే మంగంపేట ముగ్గురాయి (బెరైటీస్) గనులున్నాయి. చమురు బావులు తవ్వేటప్పుడు వాడే ఆ ఖనిజానికి ప్రపంచమంతా గిరాకీ. బళ్ళారి వైపు నుంచి వచ్చే బండ్లకూ దూరం తగ్గింది. జిల్లాలో ఈ లైను గురించి మాట్లాడేవాళ్ళు చాలా తక్కువ, నాకు మాత్రం పోర్టులో ఓడలు ఆగే బెర్తుల కంటే ఇదే పెద్ద విషయం.

ఇక ఇప్పటి కృష్ణపట్నం. కండలేరు ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోట, ముత్తుకూరు మండలంలో ఉంది. ప్రభుత్వం నవయుగ గ్రూపుకు అప్పగించగా, 2008 జూలైలో ప్రారంభమైంది. 2020లో అదానీ పోర్ట్స్ 75 శాతం వాటా కొని, మరుసటి ఏడాది మిగతాది కూడా తీసుకుంది. లోతు బాగా తవ్వారు కాబట్టి లక్షన్నర టన్నుల బొగ్గుతో వచ్చే పెద్ద ఓడలు నేరుగా బెర్తుకు చేరతాయి. మొదట్లో ఇక్కడి ముఖ్యమైన సరుకు బళ్ళారి–హోస్పేట ఇనుప ఖనిజం. చైనాకు ఎగుమతి. 2010లో కర్ణాటక ఎగుమతులు ఆపింది, 2011లో సుప్రీంకోర్టు బళ్ళారి గనులనే ఆపింది. మా పనిలో ఉన్నవాళ్ళందరికీ అది చాలా టెన్షన్ పెట్టిన కాలం. ఒకే సరుకు మీద బతికే రేవు ఎంత బలహీనమో అప్పుడు అందరికీ అర్థమైంది.

ఆ ఖాళీని బొగ్గు నింపింది. నేలటూరులో ప్రభుత్వ దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్లు మూడున్నాయి, మూడోదాన్ని 2022లో జాతికి అంకితం చేశారు. చుట్టుపక్కల ప్రైవేటు కేంద్రాలు కూడా వచ్చాయి. రిలయన్స్ పవర్ 4,000 మెగావాట్ల అల్ట్రా మెగా ప్రాజెక్టు మాత్రం ఆగిపోయింది. 2007లో యూనిట్ 2.33 రూపాయలకు ఇస్తామని టెండర్ గెలిచారు. ఇండోనేషియా బొగ్గు ధర నిబంధనలు మార్చేసరికి లెక్క తప్పింది. ఎక్కడో జకార్తాలో తీసుకున్న నిర్ణయం ముత్తుకూరు మండలంలో భూములిచ్చిన రైతు మీద పడింది. సముద్రం మీద ఆధారపడిన ఆర్థిక వ్యవస్థ అంటే ఇదే.

బొగ్గు ఎట్లా కదులుతుందో చెబితే నా మొదటి మాట అర్థమవుతుంది. ఓడ వస్తుంది. క్రేన్ల బకెట్లు తోడతాయి. కన్వేయర్ బెల్టు యార్డుకు మోస్తుంది. అక్కడి నుంచి గూడ్సు రైలు పెట్టెల్లోకి, లేదా నేరుగా విద్యుత్ కేంద్రానికి. లక్షన్నర టన్నులు దిగినా మనుషుల చెయ్యి తగిలేది చాలా తక్కువ. కరెంటు గ్రిడ్‌లోకి పోతుంది, కొన్నవాడు ఎక్కడో ఉంటాడు. స్థానికంగా మిగిలేవి కొన్ని ఉద్యోగాలు, కాంట్రాక్టు పనులు, లారీ కిరాయిలు, ఇంకా బూడిద చెరువులు, బొగ్గు ధూళి. పోర్టు గణాంకాల్లో టన్నులు చూసి మురిసిపోయే వాళ్ళు ఈ తేడా గమనించరు.

దీని పక్కన ఒక రొయ్యల కంటైనర్‌ను పెట్టి చూడండి. హేచరీలో తల్లిరొయ్యలు కావాలి. అవి విదేశం నుంచి చెన్నైలో దిగి, అక్కడి క్వారంటైన్ కేంద్రంలో ఉండి వస్తాయి. తర్వాత పిల్లను పెంచేవాళ్ళు, గుంటలు కౌలుకు తీసుకున్న రైతు, మేత కంపెనీ డీలరు, ఏరేటర్లు బాగుచేసే మెకానిక్, రాత్రిళ్ళు కాపలా కాసేవాడు, కరెంటు పోతే జనరేటరు. పట్టుబడి రోజు ఐసు, క్రేట్లు, కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది) చూసి రేటు కట్టే కొనుగోలుదారు. ప్రాసెసింగ్ ప్లాంటులో తల తీసి, తొక్క వలిచే వందలాది ఆడవాళ్ళు. యాంటీబయాటిక్ అవశేషాలు లేవని ల్యాబు రిపోర్టు, హెల్త్ సర్టిఫికెట్, బ్యాంకు కాగితాలు, షిప్పింగ్ బిల్లు, చివరికి మైనస్ 18 డిగ్రీల్లో నడిచే రీఫర్ కంటైనర్. ఒక్క పెట్టె వెనక ఇంతమంది బతుకు ఉంది. మన జిల్లాలో నిజంగా సరుకు ఆగి, రూపం మారి, డబ్బు పుట్టించింది ఇదే.

ఆ దారీ సాఫీగా సాగలేదు. 90ల మొదట్లో టైగర్ రొయ్య ఊపు, 1994లో తెల్లమచ్చ వైరస్, 1996 డిసెంబరులో తీర నియంత్రణ ప్రాంతంలో చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పు, 2005లో రొయ్యల సాగుకు కొత్త చట్టం, 2009 నుంచి వనామీ అనే కొత్త రకం రొయ్య. 2025 ఆగస్టు చివర అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు గుంటల దగ్గర కౌంటు రేట్లు ఎట్లా పడ్డాయో కావలి, అల్లూరు, విడవలూరు వైపు ఎవరిని అడిగినా చెబుతారు.

ఈ రొయ్యకు కావలసింది కంటైనర్ టెర్మినల్. కృష్ణపట్నంలో అది కట్టారు, కొన్నేళ్ళు బాగానే నడిచింది. కానీ 2024 మొదట్లో ఇక్కడికి కంటైనర్ ఓడలు ఇక రావని వార్తలొచ్చి జిల్లాలో ఆందోళనలు జరిగాయి. దీనికి వ్యాపార కారణాలూ ఉన్నాయి, అవి కూడా తెలుసుకోవాలి. కంటైనర్ లైను నడవాలంటే వచ్చే పెట్టె, పోయే పెట్టె సమానంగా ఉండాలి. మన దగ్గర ఎగుమతి ఉంది గానీ, దిగుమతి పెట్టెలు తెప్పించుకునే ఫ్యాక్టరీలు, పెద్ద మార్కెట్టు లేవు. ఖాళీ పెట్టె తేవడానికి అయ్యే ఖర్చు ఎగుమతిదారు మీదే పడుతుంది. దక్షిణంగా మూడు నాలుగు గంటల దూరంలో చెన్నై, ఎన్నూరు, కాట్టుపల్లి మూడు పోర్టులున్నాయి. అందులో కాట్టుపల్లి 2018 నుంచి కృష్ణపట్నం యజమానిదే. ఏ సరుకు ఏ రేవులో దించాలన్నది ఒక కంపెనీ తన లాభం చూసుకుని నిర్ణయిస్తుంది. అది సహజం. అందుకే జిల్లా ప్రయోజనం చూసుకోవలసిన బాధ్యత ప్రభుత్వానిది. ఒప్పందం రాసుకునేటప్పుడే ఏయే సరుకుకు ఎంత సామర్థ్యం ఉంచాలో గట్టిగా రాసుకోవాలి. గణపతిదేవుడు రాతి మీద చెక్కించింది కూడా ఒక విధంగా అట్లాంటి ఒప్పందమే.

కృష్ణపట్నం గురించి మంచి కూడా చెప్పాలి. ముత్తుకూరు మండలం పంటపాళెం చుట్టూ వంటనూనె రిఫైనరీలు వరసగా వచ్చాయి. ఇండోనేషియా, మలేషియాల నుంచి ముడి పామాయిల్ ట్యాంకర్ ఓడల్లో వచ్చి, పైపుల ద్వారా ట్యాంకుల్లోకి చేరి, శుద్ధయి, ప్యాకెట్లుగా మారి లారీలెక్కుతుంది. ఇది సరుకు ఆగడమే. ఒక్కో రిఫైనరీకి ప్యాకింగ్, ల్యాబు, బాయిలరు, రవాణా, ఇట్లా పదిరకాల పనులుంటాయి. 2025 జనవరిలో కృష్ణపట్నం పారిశ్రామిక నోడ్‌కు, అంటే పరిశ్రమల కోసం కేటాయించిన ప్రాంతానికి, ప్రధాని శంకుస్థాపన చేశారు. అక్కడికి దిగుమతి పెట్టెలు తెప్పించుకునే పరిశ్రమలు వస్తే కంటైనర్ సమస్య సగం దానంతటదే తీరుతుంది.

మత్స్యకారులను మరిచిపోయి ఈ తీరం గురించి మాట్లాడటం తప్పు. పోర్టు కోసం ఊళ్ళు ఖాళీ చేసింది వాళ్ళు. ఓడల దారిలో వల వేయలేని పరిస్థితి వాళ్ళది. ఇంకో పక్క తమిళనాడు నుంచి వచ్చే సోనా బోట్లు (వేగంగా నడిచే పెద్ద మరబోట్లు) ఒడ్డు దగ్గరికి వచ్చి గుడ్డుతో సహా ఊడ్చుకుపోతుంటే గొడవలు పడేది వాళ్ళే. జువ్వలదిన్నె ఫిషింగ్ హార్బర్ మీద నాకు గట్టి నమ్మకం ఉంది. బోటు నిలబెట్టుకునే చోటు, ఐసు, వేలం షెడ్డు, డీజిలు ఒకే చోట దొరికితే చేప చెన్నైకి పోయి అక్కడ రేటు కట్టించుకోవలసిన పని ఉండదు.

రామాయపట్నం సంగతికి వస్తాను. ముందు చిన్న నేపథ్యం. 2014 విభజన చట్టంలో మనకు రాసిచ్చింది దుగరాజపట్నం మేజర్ పోర్టు. పులికాట్ పక్షుల అభయారణ్యం, పక్కనే శ్రీహరికోట ఉండటంతో అది ముందుకు కదలలేదు. దానికి ప్రత్యామ్నాయంగా రామాయపట్నం ముందుకొచ్చింది. 2019 జనవరిలో ఒక ముఖ్యమంత్రి, 2022 జూలైలో ఇంకొక ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. రాష్ట్ర మారిటైమ్ బోర్డు ఆధ్వర్యంలో పనులు చేపట్టారు. జిల్లా గీతలు ఎటు మారినా, ఆ రేవు వెనక ప్రాంతం మాత్రం ఒంగోలు, కందుకూరు, చీమకుర్తి, కావలి.

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ఇప్పుడు లారీల మీద దక్షిణానికి పోతోంది. రామాయపట్నం వస్తే కిరాయి బాగా తగ్గుతుంది. కానీ రాయి దిమ్మగా ఓడెక్కితే మనకు మిగిలేది క్వారీ కూలీ, కిరాయి మాత్రమే. పలకగా కోసి, పాలిష్ పట్టి పెట్టెలో పంపితే విలువ ఇక్కడే ఉంటుంది. ఒంగోలు పొగాకు, ఉలవపాడు మామిడి, కందుకూరు వైపు పప్పుధాన్యాలు, వీటికీ అదే సూత్రం. బీపీసీఎల్ రిఫైనరీ ప్రతిపాదన నిజంగా కట్టేదాకా వెళ్తే అది విశాఖకు కాల్టెక్స్ లాంటిదవుతుంది, అందులో సందేహం లేదు. ఐతే 2025లో రామాయపట్నం దగ్గరున్న కరేడు రైతులు భూములివ్వమని హైవే మీదకు వచ్చిన విషయం కూడా చూడాలి. ఏడాదికి రెండు మూడు పంటలు తీసే భూమి అది. పోర్టుకు, దాని చుట్టూ పరిశ్రమలకు ఎంత భూమి నిజంగా కావాలో ప్రభుత్వం లెక్కచూపి, రైతులతో కూర్చుని మాట్లాడి తీసుకోవాలి. అవసరానికి మించి తీసుకుని ఖాళీగా పెట్టిన భూములు మన జిల్లాలోనే చూశాం.

రామాయపట్నం మొదలయ్యాక మీరు గమనించాల్సింది ఎన్ని టన్నులు దిగాయన్నది కాదు. పడమటి వైపు నుంచి రైలు, రోడ్డు ఎంత తొందరగా కలిపారు, మొదటి ఐదేళ్ళలో రేవుకు 20 కిలోమీటర్ల లోపల ఎన్ని కోల్డ్ స్టోరేజీలు, పాలిషింగ్ యూనిట్లు, కంటైనర్ యార్డులు వచ్చాయి, షిప్పింగ్ లైన్లు ఒంగోలులోనో కావలిలోనో ఆఫీసు తెరిచాయా లేదా, అది చూడండి. బొగ్గు మాత్రమే దిగుతుంటే అది ఇంకో కృష్ణపట్నం అవుతుంది.

చివరగా ఉద్యోగాల గురించి. పోర్టు కంపెనీలో నేరుగా ఉండే ఉద్యోగాలు కొద్ది, అవీ ఎక్కువగా ఇంజినీరింగ్, క్రేన్ ఆపరేటింగ్ చదివినవాళ్ళకు. డిగ్రీ చదివేవాళ్ళకు దారి పోర్టు గేటు బయట ఉంది. కస్టమ్స్ బ్రోకరు దగ్గర చేరండి. 2018 నాటి లైసెన్సింగ్ నిబంధనల ప్రకారం మొదట హెచ్ కార్డుతో సహాయకుడిగా పని చేయొచ్చు, పరీక్ష పాసైతే జీ కార్డు వస్తుంది, కాగితాల మీద సంతకం పెట్టే అధికారం వస్తుంది. ఇంకా పెద్ద పరీక్ష రాసి ఎఫ్ కార్డు తెచ్చుకుంటే సొంత లైసెన్సు దాకా వెళ్ళొచ్చు. కామర్స్ చదివిన పిల్లలకు ఇది బాగా నప్పుతుంది. కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ చదివినవాళ్ళకు రొయ్యల ప్లాంట్ల ల్యాబుల్లో, నూనె రిఫైనరీల్లో ఎప్పుడూ అవసరం ఉంటుంది. మొదటి రెండేళ్ళు జీతం తక్కువే. చెన్నైలో చేరినా తప్పులేదు, అక్కడ ఒక్క ఏడాదిలో చూసే సరుకు రకాలు ఇక్కడ ఐదేళ్ళలో కూడా చూడలేరు. పని నేర్చుకుని తిరిగి రండి. మీరు ఏ గ్రూపు చదువుతున్నారో చెబితే, ఏ పరీక్షకు ఏ సబ్జెక్టులు చదవాలో విడిగా రాస్తాను.